తప్పు ఒకచోట, కారణం మరోచోట

వక్త మాట్లాడుతుండగానే ఆ మాటల్ని మరో భాషలో చెప్పే సైమల్టేనియస్ ఇంటర్‌ప్రెటేషన్ నేర్చుకుంటున్న విద్యార్థి తప్పు చెప్పగానే ‘భాష రాదు’ అనేస్తాం. చాలాసార్లు అది తొందరపాటు తీర్పు.

వక్త తెలుగులో అంటున్నాడనుకోండి: ‘3 కోట్ల 47 లక్షల 60 వేల మందికి కార్డులిచ్చాం. వాళ్లలో చాలామందికి బియ్యం ఇంకా అందలేదు.’ బూత్‌లో హెడ్‌ఫోన్లు పెట్టుకున్న విద్యార్థి ఈ కోట్లను మిలియన్లు చేయాలి. 34.76 అని తేల్చుకుని పైకి చెప్పేలోపే రెండో వాక్యం సాగిపోతుంటుంది. ‘చాలామందికి’, ‘బియ్యం’ చెవిన పడతాయి. చివరి ‘లేదు’ జారిపోతుంది. చాలామందికి బియ్యం అందిందని ఇంగ్లీషులో ధీమాగా చెప్పేస్తాడు. కష్టమైన లెక్క తప్పలేదు, చిన్నపిల్లలకూ తెలిసిన వాక్యం తప్పింది.

ఫ్రాన్స్ పరిశోధకుడు డేనియల్ జీల్ దీన్ని చక్కగా వివరించాడు. వినడం, గుర్తుంచుకోవడం, చెప్పడం, ఈ మూడింటినీ సర్దుకోవడం, అన్నీ ఉన్న కాస్త ఏకాగ్రతనే పంచుకోవాలి. ఒకదానికి ఎక్కువైతే మరోదానికి లోటు. అంకెలు, పేర్లు, జాబితాలు ఎక్కువ లాగేస్తాయి. ఆ లోటు తరచూ బయటపడేది తర్వాతి వాక్యంలో. అష్టావధానంలో పృచ్ఛకులు ఎంత గడుసువాళ్లయినా చాలావరకు వంతులవారీగానే అడుగుతారు. బూత్‌లో ఆ వెసులుబాటూ లేదు.

తెలుగు నుంచి చెప్పేటప్పుడు ఇంకో చిక్కు: క్రియ, దాంతోపాటు అవునో కాదో, వాక్యం చివర్లో గానీ తేలదు. ఆగితే గుర్తుంచుకోవాల్సింది పెరుగుతుంది, ఆగకపోతే ఊహ మీద నడవాలి. చేయి తిరిగినవాళ్లు వాక్యాన్ని ముక్కలు చేసి, ఎటు తిరిగినా చెల్లే మాటతో మొదలెడతారు. సభల్లో వాడే మాటలు వాళ్ల నోట్లో సిద్ధంగా ఉంటాయి. విద్యార్థి ఒక్కో మాటా వెతుక్కుంటాడు, పైగా ఏదీ వదలకూడదనుకుంటాడు.

1945 నవంబరులో నాజీ నేతలపై నాలుగు భాషల్లో మొదలైన నురెంబర్గ్ విచారణలో జర్మన్ క్రియలూ ఇలాగే సతాయించాయి. అక్కడ ఇంటర్‌ప్రెటర్ల కోసం దీపాలు పెట్టారు. పసుపు వెలిగితే మాట్లాడేవాడు నెమ్మదించాలి, ఎరుపు వెలిగితే ఆపాలి. అంటే మాట చేరవేయడంలో మాట్లాడేవాడికీ బాధ్యత ఉందన్నమాట.

కాబట్టి మార్కులు వేసే గురువులు తప్పు దొర్లిన వాక్యం దగ్గరే ఆగకుండా రికార్డింగ్‌ను కాస్త వెనక్కి తిప్పి వినాలి. అక్కడ అంకె అడ్డుపడిందని తేలితే వ్యాకరణ పాఠం దండగ. కోట్లు, మిలియన్ల మార్పిడి నాలుక చివర నిలిచేదాకా సాధన చేయించాలి. ఏ సమాచారం వదిలినా అర్థం చెడదో, ఏది వదిలితే కొంప మునుగుతుందో నేర్పాలి. ఇక సభలు పెట్టేవాళ్లకో మాట. ప్రసంగం కాగితం ముందురోజు ఇవ్వకుండా, అంకెలను ఊపిరాడకుండా చదివేసే వక్తను అదుపు చేయకుండా, ‘ఇంటర్‌ప్రెటర్ సరిగ్గా చెప్పలేదు’ అని ఫిర్యాదు చేసే హక్కు మీకు లేదు.