మొనాడ్ మన తలకెక్కనిదేం కాదు

ఈ పోస్టు కంప్యూటర్స్ చదివే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ. మిగతావాళ్లూ చదవండి, ఇందులో స్కాలర్‌షిప్ సంగతి ఉంది.

అమలాపురం హాస్టల్లో మా రూములో నలుగురం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. హాస్కెల్ నేర్చుకుంటూ మొనాడ్ దగ్గరకొచ్చేసరికి నలుగురమూ ఆగిపోయాం. "మన బుర్రకి ఇంతేరా" అన్నాడొకడు. ఆ మాట మేం ఒప్పుకోం. తప్పు బుర్రలో లేదు, మొదలుపెట్టిన చోట ఉంది. యూజీనియో మొగ్గి 1991 నాటి పేపర్లో ఇది గణితంలోని కేటగిరీ థియరీ నుంచి వచ్చింది. ఫిలిప్ వాడ్లర్ దాన్ని ప్రోగ్రాములు రాసేవాళ్ల దగ్గరికి తెచ్చాడు. మనకి మాత్రం మొదటిరోజే నిర్వచనం చేతిలో పెడతారు. పోనీ నెట్‌లో చూద్దామంటే మొనాడ్ బరీటో లాంటిదంటారు. బరీటో అంటే మెక్సికోవాళ్లు కూర పెట్టి చుట్టే రొట్టెట! పోలికలతో ఇది రాదు, చేత్తో చేసి తంటాలు పడితేనే వస్తుందని బ్రెంట్ యోర్గీ 2009లోనే రాశాడు.

అందుకే మేం స్కాలర్‌షిప్ ప్రోగ్రాము రాశాం. మూడు ఫంక్షన్లు. ఒకటి కుల ధ్రువపత్రం చూస్తుంది, ఒకటి ఆదాయ పత్రం, ఇంకోటి బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకయిందా అని. ఒక్కోటీ 'మేబీ' ఇస్తుంది: సరిగ్గా ఉంటే జస్ట్‌లో పెట్టి, లేకపోతే నథింగ్. మామూలుగా రాస్తే ప్రతి మెట్టుకీ ఇఫ్ లోపల ఇఫ్. బైండ్ ఆ పని తనే చేస్తుంది. జస్ట్ వస్తే లోపలి విలువ తీసి తర్వాతి ఫంక్షన్‌కి ఇస్తుంది. నథింగ్ వస్తే తర్వాతిదాన్ని పిలవనే పిలవదు. మామూలు విలువని జస్ట్‌లో పెట్టడానికి రిటర్న్. ఈ రెండూ, అవి తప్పకూడని మూడు నియమాలూ. మొనాడ్ అంటే అంతే.

కానీ నథింగ్‌తో ఓ చిక్కుంది, ఎక్కడ ఆగిందో చెప్పదు. పోయినేడు మాలో ఒకడి అప్లికేషన్ అలాగే ఆగింది. "తిరస్కరించబడింది" అని ఒక్క ముక్క. రావులపాలెం, రాజమండ్రి మీదుగా రంపచోడవరం, అక్కణ్ణుంచి ఊరు, రెండుసార్లు తిరిగాడు. తీరా చూస్తే ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం తేడా. వాడితో తిరిగిన రోజులన్నీ వాళ్ల నాన్నకి కూలి పోయింది.

మేబీ తీసేసి ఈదర్ పెట్టాం. తప్పుంటే లెఫ్ట్‌లో కారణం వస్తుంది: "ఇంటిపేరు కలవలేదు". ఫంక్షన్లు మార్చాం గానీ, వాటిని కలిపే లైన్లో ఒక్క అక్షరం మార్చలేదు. మొనాడ్ ఎందుకో మాకు తెలిసింది అప్పుడే. మన అప్లికేషన్లు చూసే సాఫ్ట్‌వేర్‌లోనూ ఈ లెఫ్ట్ ఉండాలని అడుగుదాం. అడగడమేంటి, అది రాసేవాళ్లలో మనవాళ్లూ ఉండాలి.

మా కోడ్ ముప్పై లైన్లు కూడా లేదు. ల్యాప్‌టాప్ నలుగురికీ ఒకటే. ఆదివారం భోజనాలయ్యాక రూముకి రండి, ముందు కాగితం మీద రాద్దాం.