బ్యాటరీలకు సబ్సిడీ సరే... మనోళ్లకు పని దొరుకుతుందా?

దోహా (ఫరీజ్ అబ్దుల్ అజీజ్): మన ఊళ్లలో సోలార్ కరెంటు మధ్యాహ్నం పుష్కలం. సాయంత్రం ఇంటింటా లైట్లు, ఫ్యాన్లు, టీవీలు వేసే వేళకు మాత్రం ఎండ ఉండదు. అందుకే పగటి కరెంటును దాచి రాత్రికి ఇచ్చే కేంద్రాలకు ప్రభుత్వాలు డబ్బు పెడుతున్నాయి.

బ్యాటరీ కేంద్రాల ఖర్చులో 40 శాతం వరకు భరించే పథకానికి కేంద్రం 2023 సెప్టెంబరులో ఆమోదం తెలిపింది. 2025 జూన్‌లో మరో 5,400 కోట్ల రూపాయలు ప్రకటించింది. వెయ్యి యూనిట్లు దాచగల బ్యాటరీకి 18 లక్షల చొప్పున సాయం. ఈ లెక్కన మొత్తం 3 కోట్ల యూనిట్ల నిల్వ రావాలి. ఆంధ్రప్రదేశ్ కూడా 2024లో తెచ్చిన క్లీన్ ఎనర్జీ పాలసీలో ఏడున్నర లక్షల ఉద్యోగాలు వస్తాయని చెప్పింది.

ఈ మాట వినగానే గల్ఫ్‌లో ఉన్న మనందరికీ ఇంటి మీద ఆశ పుడుతుంది. కానీ ఏ పని, ఎన్నాళ్లు అన్నది చూసుకోవాలి.

నిల్వ ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి, కరెంటు మిగిలినప్పుడు నీళ్లను పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి టర్బైన్ తిప్పడం. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం అలా కట్టిందే. నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో సంస్థ 1,680 మెగావాట్లతో చేపట్టిందీ అదే. ఇందులో మట్టిపని, కాంక్రీటు, స్టీలు పని ఏళ్ల తరబడి ఉంటుంది. రెండోది బ్యాటరీ. ఫ్యాక్టరీలో తయారైన కంటైనర్లు వస్తాయి. పునాది వేసి, కేబుల్ లాగి, కనెక్షన్ ఇస్తే సైటు పని దాదాపు అయిపోయినట్టే. తర్వాత కావాల్సింది కొద్దిమంది, అదీ నేర్చినవాళ్లే.

ఖతర్‌లోనూ ఇదే తీరు. 2022లో ప్రారంభమైన అల్ ఖర్సా సోలార్ కేంద్రం 800 మెగావాట్లది. అక్కడ ప్యానెళ్లు తుడిచేది రోబోలు.

అలాగని మనకు చోటు లేదనుకోవద్దు. బ్యాటరీకి వేడి పడదు. మన ఎండలకు దాన్ని నిత్యం చల్లగా ఉంచాలి. ఏసీ మెకానిక్కులు, కేబుల్ జాయింటర్లు, ఎలక్ట్రీషియన్లు కావాలి. ఈ పనుల్లో గల్ఫ్‌లో చెయ్యి తిరిగినోళ్లు మనలో ఎందరో!

సోలార్ టెక్నీషియన్ల కోసం కేంద్రం 2015లో సూర్యమిత్ర శిక్షణ మొదలుపెట్టింది. బ్యాటరీ పనికీ అలాంటి శిక్షణ జిల్లా కేంద్రాల్లో ఇవ్వాలి. తిరిగొచ్చిన కార్మికుల అనుభవాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వాలి. సబ్సిడీ పొందే కంపెనీలు స్థానికులను తీసుకోవాలని షరతు పెట్టాలి. ప్రజల సొమ్ముతో బ్యాటరీలు వస్తున్నప్పుడు ఈపాటి అడగడం న్యాయమే.

మనవైపు నుంచీ ఒక జాగ్రత్త: ఇంటికి పోయేముందు చేసిన పని వివరంగా రాయించి కంపెనీ నుంచి అనుభవ పత్రం తీసుకుందాం. ‘లేబర్’ అని ఒక్క ముక్క రాసిన కాగితం రేపు అక్కడ అక్కరకు రాదు.