సలహాదారుని వృత్తి

ఈ దినములలో పెద్దతరగతుల విద్యార్థులను మీరేమి కాదలచితిరని యడిగినచో డాక్టరు, ఇంజనీరు, కలెక్టరు అను పాత జవాబులతో పాటు కన్సల్టెంటు అను క్రొత్తమాట వినవచ్చుచున్నది. ఆ పని యెట్టిదని మరల నడిగినచో మాట తడబడును. తాము పని చేయక పరులకు సలహాలు చెప్పి సొమ్ము పుచ్చుకొనుటయే గదా యని తలిదండ్రులు కొందఱు నవ్వుదురు. చెప్పెడువానికి వినెడువాడు లోకువ యను సామెత మనవారిలో ఊరక పుట్టలేదు. అయినను ఈ వృత్తి గౌరవింపదగినదే యనియు, దానికి వలయు గుణములను పాఠశాలలోనే అలవరచుకొనవలెననియు నా అభిప్రాయము.

వ్యాపార సలహాదారుడనగా ఒక సంస్థయొక్క లెక్కలు, సరకు, యంత్రములు, పనివారి పద్ధతులు పరిశీలించి, నష్టమెచ్చట కలుగుచున్నదో, దేనిని మార్పవలెనో చెప్పువాడు. అతని చేతిలో అధికారము లేదు. ఎవరిని నియమింపలేడు, ఎవరిని తొలగింపలేడు. అతని మాట నెగ్గవలెనన్న అది నిజమని యెదుటివారికి తోపవలెను. కావున అతని నాయకత్వమంతయు నమ్మకముపైననే నిలుచును.

ఇందుకు మేలైన ఉదాహరణము మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు. వారి పూర్వుల గ్రామమైన మోక్షగుండము మనకు ఉత్తరమున గిద్దలూరు ప్రాంతములో నున్నది. కుటుంబము మైసూరు సీమకు తరలిపోగా వారు ముద్దేనహళ్లిలో జన్మించిరి. 1908లో బొంబాయి ప్రభుత్వపు కొలువు విడిచిరి. ఆ యేడు సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరములో వేలకొలది జనులను పొట్టనబెట్టుకొన్నది. నిజాము ప్రభుత్వము పిలువగా 1909లో వారు సలహా యింజనీరుగా అచ్చటికి వచ్చిరి.

వచ్చినవారు మొదట వానల లెక్కలు, ఏటి ప్రవాహపు లెక్కలు సమకూర్చుకొనిరి. నగరములో గట్లు పెంచినంతమాత్రమున చాలదనియు, వరదను నగరమునకు పైభాగముననే నిలుపవలెననియు తేల్చి, మూసీమీద నొకటియు, దాని ఉపనదియైన ఈసీమీద నొకటియు జలాశయములు కట్టవలెనని చెప్పిరి. ఆ సంవత్సరమే వారు మైసూరు సంస్థానములో చీఫ్ ఇంజనీరు పదవికి వెళ్లిరి. అయినను పని ఆగలేదు. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. చెప్పినవారు ఊరిలో లేకున్నను చెప్పినమాట నిలిచెను. అంకెలతో కూడిన సలహాకు గల బలమదియే.

యంత్రములయందు వారికి గల ఆసక్తియు ఇట్టిదే. పూనా సమీపమున ఖడక్‌వాస్లా చెఱువునకు, నీరు నియమితమైన మట్టమునకు పెరిగినప్పుడు తమంతట తామే తెఱచుకొను తలుపులను 1903లో అమర్పించిరి. ఆనకట్టను ఎత్తుచేయకుండనే ఎక్కువ నీరు నిలువజేయుట వారి యుద్దేశము. మొదట అవసరము కనిపించినది. యంత్రము దాని వెంట వచ్చినది. నేడు క్రొత్త పరికరము చేత పట్టుకొని దానికి తగిన పని యెచ్చట నున్నదాయని వెదకువారు ఈ క్రమమును గమనింపవలెను.

ఇక మన యూరివైపు చూతము. ఉదయగిరి కొయ్యగరిటెలు, చెంచాలు, ముళ్లచెంచాలు పేరుపొందినవి. నర్ది, బిక్కి, దేవదారి మున్నగు కొయ్యలతో ముఖ్యముగా ముస్లిము కుటుంబములవారు చేతితో చెక్కి వీనిని తయారు చేయుదురు. ఈ వస్తువులకు 2015లో భౌగోళిక గుర్తింపు లభించినది. 1999 నాటి చట్టము ననుసరించి ఆ పేరును ఇతర ప్రాంతపువారు వాడరాదు. అయితే ఆ గుర్తింపును పదేసి సంవత్సరముల కొకసారి పునరుద్ధరింపవలెను. పనివారు తమ పేరులను అధికృత వినియోగదారులుగా నమోదు చేయించుకొనవలెను. చట్టము పేరును కాపాడునే గాని కొనువానిని వెంటబెట్టుకొని రాదు.

ఒక చెంచా చెక్కుటకు ఎన్ని గంటలు పట్టినది? కొయ్యకెంత, కూలికెంత, విఱిగిపోయిన వానివలన నష్టమెంత? నడిమివర్తకునికి ముట్టినదెంత? ఈ ప్రశ్నలకు జవాబు కాగితముమీద లేనిదే ధర నిర్ణయించుట చీకటిలో రాయి విసరుటయే. పెద్ద సంస్థలు లక్షలిచ్చి సలహాదారులను పిలిపించుకొనును. ఉలి పట్టిన చేతికి ఆ సొమ్ము ఎక్కడిది? సలహా మిక్కిలి అవసరమైన చోటనే అది దొరకుట లేదు. ఈ వృత్తిలోని పెద్ద లోపమిది.

మన ప్రాంతమునకు చదువుగాని పదవిగాని క్రొత్త కాదు. మాంచెస్టరులో చదివి, వ్యాపారము నడపిన మేకపాటి గౌతమ్‌రెడ్డిగారు ఆత్మకూరునుండి 2014లోను 2019లోను శాసనసభకు ఎన్నికై, 2019 మొదలు 2022 ఫిబ్రవరి 21వ తేదీన మరణించువఱకు రాష్ట్రమునకు పరిశ్రమల, ఐటీ శాఖల మంత్రిగా నుండిరి. మెట్టసీమనుండియు అంత దూరము పోవచ్చునని మన బాలురకు తెలిసినదే. అయితే అట్టి పెద్ద పదవి కొందఱికే దక్కును. చిన్న పనికి సరియైన లెక్క వ్రాసిపెట్టుట ప్రతి విద్యార్థికిని సాధ్యము.

సలహాతోనే సమస్తము చక్కబడునని నేను చెప్పుట లేదు. అడవినుండి కొయ్య న్యాయముగా దొరకవలెను, పెట్టుబడి కావలెను. కాని ఈ రెంటిని అడుగుటకైనను లెక్క చూపవలెను గదా. లెక్క లేని విన్నపమును బ్యాంకులోనివారు చదువరు.

కావున విద్యార్థులారా, కన్సల్టెంటు కావలెనని కోరుకొనువారు హైదరాబాదు, బెంగుళూరు చేరువఱకు వేచియుండ నక్కరలేదు. ఈ వేసవి సెలవులలో ఒక పనివాని యొద్దనో, ఒక చిన్న అంగడివాని యొద్దనో కూర్చుండుడు. మొదటి వారము ఏమియు చెప్పకుడు; అడుగుడు, వినుడు, వ్రాసికొనుడు. ఆయన ముప్పది యేండ్ల యనుభవము మీ పుస్తకములలో లేదు. పిమ్మట లెక్క తేల్చి, అది ఆయనకు నచ్చని సంగతియైనను మర్యాదగా చెప్పుడు. మీ ఫోనులోని కెమెరాతో వస్తువుల చిత్రములు తీసి, ధరల పట్టికను తెలుగులోను ఇంగ్లీషులోను వ్రాసియిండు. తలిదండ్రులారా, పిల్లలు ఇట్టి పనికి పోయినప్పుడు చదువు చెడునని ఆటంకపఱుపకుడు. గణితములో మార్కులు తెచ్చుకొన్న బాలుడు ప్రక్కవీధిలోని గరిటె ఖరీదు కట్టలేకపోయినచో ఆ మార్కులవలన ప్రయోజనమేమి?