ఎక్కని అప్‌డేట్లు, ఆదమరచిన ఇళ్లు

2024 జనవరి 9న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10 వినియోగదారుల కోసం కేబీ 5034441 అనే భద్రతా అప్‌డేట్‌ను విడుదల చేసింది. డిస్క్‌లోని సమాచారాన్ని గుప్తంగా ఉంచే బిట్‌లాకర్ రక్షణను, కంప్యూటర్‌ను చేజిక్కించుకున్న వ్యక్తి దాటిపోయేందుకు వీలు కల్పిస్తున్న ఒక లోపాన్ని సరిదిద్దడం దాని ఉద్దేశం. అయితే, అనేక కంప్యూటర్లలో అది ఎక్కనే లేదు. తెరపై ‘0ఎక్స్80070643’ అనే సంకేత సంఖ్య మాత్రం ప్రత్యక్షమయింది. అసలు కారణం చాలా చిన్నది. ఆపరేటింగ్ సిస్టమ్ చెడిపోయినప్పుడు మరమ్మతు చేసుకునేందుకు డిస్క్‌లో విడిగా కేటాయించే రికవరీ విభాగంలో 250 మెగాబైట్ల ఖాళీ స్థలం కావలసి ఉండగా, ఆ యంత్రాలలో అంత స్థలం లేదు. ‘స్థలం చాలదు’ అని చెప్పవలసిన చోట వేరొక సంకేతం కనిపించవచ్చునని సంస్థ అంగీకరించింది. పరిష్కారంగా సూచించింది మాత్రం, వినియోగదారుడే కమాండ్లు టైపు చేసి డిస్క్ విభాగాల పరిమాణాన్ని మార్చుకోవాలని! పిల్లల పాఠాలు, కుటుంబ ఛాయాచిత్రాలు, జమాఖర్చులు ఉన్న డిస్క్‌పై ఈ శస్త్రచికిత్స చేయవలసిందిగా సామాన్య గృహస్థుని కోరడం సమంజసమని చెప్పలేము.

ఇటువంటి అనుభవం రెండు మూడుసార్లు ఎదురైన కుటుంబం ముందు రెండు దారులుంటాయి. కంప్యూటర్‌ను మరమ్మతు దుకాణానికి తీసుకువెళ్లి రుసుము చెల్లించడం ఒకటి. అప్‌డేట్లను పూర్తిగా నిలిపివేయడం రెండోది. రెండో దారికి ఖర్చు లేదు. యంత్రం కూడా ఎప్పటిలాగే పని చేస్తున్నట్టు కనిపిస్తుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది.

2017 మే 12న ప్రపంచాన్ని కుదిపివేసిన ‘వన్నాక్రై’ దాడి ఇందుకు నిదర్శనం. ఫైళ్లకు తాళం వేసి, విడిపించేందుకు 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు డిమాండ్ చేసిన ఈ వైరస్ 150కి పైగా దేశాలకు పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు సైతం దీని బారిన పడ్డాయి. ఆ వైరస్ చొరబడిన లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14వ తేదీనే, అంటే దాదాపు రెండు నెలల ముందే, సవరణను విడుదల చేసిందన్నది గమనార్హం. కాలం చెల్లిన విండోస్ ఎక్స్‌పీ వల్లనే ఈ ఉపద్రవం వచ్చిందని తొలుత ప్రచారం జరిగినా, దెబ్బ తిన్నవాటిలో అత్యధిక భాగం అప్పటికి గడువు తీరని విండోస్ 7 యంత్రాలే. మందు చేతిలో ఉండి కూడా వాడని కారణంగానే అవి బలి అయ్యాయి.

అప్‌డేట్ ఎందుకు విఫలమవుతుందో తెలియాలంటే అది ఎక్కే తీరును పరిశీలించాలి. ముందుగా అవసరమైన ఫైళ్లు ఇంటర్నెట్ ద్వారా వచ్చి ‘సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్’ అనే ఫోల్డర్‌లో చేరతాయి. అవి సక్రమంగా ఉన్నదీ లేనిదీ సరిచూసుకున్న తరువాత యంత్రం రీస్టార్ట్ అయి, పాత ఫైళ్ల స్థానంలో కొత్తవాటిని ప్రవేశపెడుతుంది. మధ్యలో ఎక్కడ అవాంతరం వచ్చినా చేసిన మార్పులను రద్దు చేసుకొని పూర్వస్థితికి మళ్లుతుంది. ఈ క్రమమంతా నిరంతర విద్యుత్తు, నిలకడైన ఇంటర్నెట్, డిస్క్‌లో ధారాళంగా ఖాళీ ఉన్న ఇంటిని ఊహించుకొని రూపొందినది. మన దేశంలో ఈ మూడూ ఏకకాలంలో సమకూరడం అన్ని ఇళ్లలో సాధ్యం కాదు. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కు రీస్టార్ట్ సమయంలో కరెంటు పోతే ఫైళ్లు దెబ్బతినే అవకాశముంది. సెల్‌ఫోన్ హాట్‌స్పాట్‌ను ‘మీటర్డ్ కనెక్షన్’గా గుర్తించిన పక్షంలో చాలావరకు అప్‌డేట్లు వాటంతట అవి దిగుమతి కావు. ఇక 32 గిగాబైట్ల నిల్వతో చౌకగా విక్రయించిన ల్యాప్‌టాప్‌ల సంగతి సరేసరి. 2019లో వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచి కొత్త యంత్రాలలో అప్‌డేట్ల వంటి అవసరాలకు దాదాపు 7 గిగాబైట్లు ముందే కేటాయించే ఏర్పాటు చేశారంటే, స్థలాభావం ఎంతటి చిక్కు తెచ్చిపెట్టిందో ఊహించవచ్చు.

కనుక మొదట చూడవలసింది ఖాళీ స్థలమే. ‘80070070’తో ముగిసే సంకేతం వస్తే డిస్క్ నిండిందని అర్థం. పెద్ద కూర్పు మార్పులకు 20 గిగాబైట్లయినా ఖాళీ చేయడం మేలు. అనవసరమైన యూఎస్‌బీ పరికరాలను తొలగించి, ఛార్జర్ తగిలించి, తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో చూసి మరోసారి ప్రయత్నిస్తే చాలా సందర్భాలలో పని పూర్తవుతుంది. అప్పటికీ కాకపోతే, దిగుమతి సమయంలోనే ఫైళ్లు చెడిపోయి ఉండవచ్చు. విండోస్ అప్‌డేట్ సర్వీసును తాత్కాలికంగా ఆపి, పైన పేర్కొన్న ఫోల్డర్‌లోని సరుకును తీసివేసి, సర్వీసును తిరిగి ప్రారంభిస్తే ఫైళ్లు కొత్తగా వస్తాయి. సిస్టమ్ ఫైళ్లే దెబ్బతిన్నట్టయితే, ముందు డిస్మ్, ఆ తరువాత ఎస్ఎఫ్‌సీ అనే మరమ్మతు సాధనాలను నడపాలి. ఎస్ఎఫ్‌సీ చెడిన ఫైలుకు బదులు మంచి ప్రతిని తెచ్చే నిల్వను డిస్మ్ బాగుచేస్తుంది గనుక ఈ వరుస ముఖ్యం. చివరి అస్త్రంగా, సొంత ఫైళ్లను అలాగే ఉంచుతూ విండోస్‌ను దాని మీదనే తిరిగి ఎక్కించే వీలుంది. ‘మార్పులను రద్దు చేస్తున్నాము’ అన్న సందేశం కనిపించినప్పుడు విసుగెత్తి స్విచ్ ఆపివేయడం మాత్రం కోరి ఆపద తెచ్చుకోవడమే.

అప్‌డేటే దోషి అయిన ఉదంతాలూ లేకపోలేదు. 2018 అక్టోబర్‌లో విడుదలైన విండోస్ 10 కూర్పు కొందరి సొంత ఫైళ్లను తుడిచిపెట్టడంతో మైక్రోసాఫ్ట్ దాని పంపిణీని నిలిపివేసి, నవంబర్‌లో గాని తిరిగి విడుదల చేయలేకపోయింది. 2024 జూలై అప్‌డేట్ తరువాత కొన్ని యంత్రాలు 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీని అడుగుతూ మొండికేశాయి. ఆ కీని ముందుగానే కాగితంపై రాసిపెట్టుకోని వారి పాట్లు వర్ణనాతీతం. అదే నెల 19న దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలను స్తంభింపజేసి, మన విమానాశ్రయాలలో చేతిరాత బోర్డింగ్ పాసులకు దారితీసింది మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కాదు, క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థది. ఈ భయం ఉన్నవారు అప్‌డేట్లను వారం రోజుల చొప్పున వాయిదా వేసుకోవచ్చు. విండోస్ 10 హోమ్ కూర్పులో సైతం 2019 నుంచి 35 రోజుల దాకా ఈ సదుపాయం ఉంది. వాయిదాకూ శాశ్వత నిలిపివేతకూ తేడా ఉన్నదని వేరే చెప్పనక్కరలేదు.

మరమ్మతుకు లొంగని సందర్భాలు రెండు. మొదటిది నకిలీ ప్రతులు. బీఎస్ఏ అనే సాఫ్ట్‌వేర్ పరిశ్రమ కూటమి అంచనా ప్రకారం 2017లో మన దేశంలోని కంప్యూటర్లలో ఎక్కించిన సాఫ్ట్‌వేర్‌లో 56 శాతం లైసెన్సు లేనిదే. అటువంటి ప్రతులను ‘యాక్టివేట్’ చేసే ఉపకరణాలు అప్‌డేట్ సర్వీసునే కట్టిపడవేసిన పక్షంలో పై చిట్కాలేవీ పారవు.

రెండోది పాత యంత్రాలు. విండోస్ 10కు సాధారణ భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ముగిశాయి. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, నిర్ణీత తరానికి చెందిన ప్రాసెసర్ ఉండాలి. టీపీఎం ఉండి కూడా సెటప్‌లో ఆపివేసి ఉన్న కంప్యూటర్లు ఉన్నందున, కొత్తది కొనే ముందు మదర్‌బోర్డు సెట్టింగ్‌లను పరిశీలించడం అవసరం. ఇంటి వినియోగదారుల కోసం మైక్రోసాఫ్ట్ ఒక ఏడాది పొడిగింపు పథకాన్ని ప్రకటించింది. 30 డాలర్లు చెల్లించడం, సంస్థ ఖాతా ద్వారా సెట్టింగ్‌లను భద్రపరచుకోవడం అందుకు చూపిన మార్గాలలో కొన్ని. విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్‌కు వైరస్ వివరాలు 2028 అక్టోబర్ దాకా అందుతూనే ఉంటాయని కూడా సంస్థ ప్రకటించింది. అయితే డిఫెండర్ తెలిసిన వైరస్‌ను పట్టుకోగలదే గాని, ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కంతను పూడ్చలేదు.