పావురాన్ని లేపకండి, కెమెరాను కదపండి

"అయ్యగారూ, ఈ ఫొటో తీసేటప్పుడు మీ చెయ్యి వణికిందా?"

పోయిన వారం మా ఊరి కుర్రాడొకడు అడిగిన ప్రశ్న ఇది. హైదరాబాదు పాతబస్తీలో, మక్కా మసీదు ముందున్న ఆవరణలో తీసిన ఫొటో వాడికి చూపించాను. అందులో పావురానికి కన్ను లేదు, ముక్కు లేదు. బూడిదరంగు గీతలు కొన్ని ఎడమ నుంచి కుడికి తుడిచినట్టు పోతున్నాయి. వెనక రాతిగోడ మీద పడిన పొద్దుటెండ పసుపు చారలా సాగింది. అంతే.

"వణకలేదు నాయనా, కావాలనే కదిపాను" అన్నాను. వాడు నవ్వాడు. ఆ నవ్వుకు జవాబుగానే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ప్రియమైన చదువరులారా, కెమెరాలో షట్టర్ అంటే వెలుగు లోపలికి రావడానికి తెరిచే తలుపు. ఎగిరే పక్షిని తీసేవాళ్లు సాధారణంగా ఆ తలుపును సెకనులో రెండు వేలవ వంతు మాత్రమే తెరుస్తారు. అప్పుడు పక్షి గాలిలో గడ్డకట్టినట్టు నిలబడిపోతుంది, ఈకలు లెక్కపెట్టుకోవచ్చు. ఇంకో పద్ధతిలో తలుపును 1/15 సెకను, ఒక్కోసారి 1/4 సెకను తెరిచి ఉంచి, ఆ కాస్త సమయంలోనే కెమెరాను పక్షితో పాటు కదుపుతారు. పావురం సెకనుకు సుమారు ఆరేడు సార్లు రెక్క కొడుతుంది. అంటే పావు సెకనులో ఒకటిన్నర సార్లు కొట్టిన రెక్క అంతా ఒకే బొమ్మలోకి వస్తుంది. పక్షి ఆకారం పోతుంది, ఎగరడం మిగులుతుంది.

ఇదేమీ నిన్న మొన్నటి ఫ్యాషన్ కాదు. 1838లో డాగేర్ పారిస్ వీధిని ఫొటో తీసినప్పుడు తలుపు నిమిషాల తరబడి తెరిచి ఉంచాల్సి వచ్చింది. బండ్లూ మనుషులూ కదిలిపోతుండడం వల్ల బొమ్మలో పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడ్డ ఒక మనిషి మాత్రం మిగిలాడు. 1882లో మారే అనే శాస్త్రవేత్త తుపాకీ ఆకారంలో కెమెరా చేయించి, సెకనుకు 12 బొమ్మలు తీసి పక్షి రెక్క ఎలా ఆడుతుందో చూశాడు. 1950లలో ఎర్న్‌స్ట్ హాస్ ఎద్దుల పోరాటాన్ని నెమ్మది షట్టర్‌తో తీసి, కదలికనే రంగులుగా చూపించాడు. రెక్క ఎలా పనిచేస్తుందో తెలియాలంటే మారే దారి, ఎగరడం ఎలా ఉంటుందో చూపాలంటే హాస్ దారి. రెండూ కావలసినవే.

అయితే నేను అసలు చెప్పదలచుకున్నది వేరే ఉంది.

మక్కా మసీదు దగ్గరికి పొద్దున్నే వెళ్లినవాళ్లకు తెలుసు. ఎవరో గింజలు చల్లుతారు. పావురాలు వందలకొద్దీ దిగుతాయి. అప్పుడు ఫొటో తీసేవాళ్లు ఒక పిల్లాణ్ణి వాటి మధ్యలోంచి పరుగెత్తిస్తారు. మంద మొత్తం ఒక్కసారిగా లేస్తుంది, కెమెరాలు టకటకమంటాయి.

నేనూ ఆ పని చేశాను. కొన్నేళ్ల కిందట నాతో వచ్చిన పిల్లాడితో గట్టిగా చప్పట్లు కొట్టించాను. పావురాలు లేచాయి. ఫొటో కత్తిలా వచ్చింది. కెమెరా దించి చూస్తే ఎదురుగా ఒక పెద్దావిడ, చేతిలో ఖాళీ కాగితం పొట్లం. ఆ గింజలు ఆమె కొని చల్లినవి. తినడానికి ఒక్క పిట్ట లేదు. ఆమె నన్ను తిట్టలేదు. గింజల వంక చూసింది, తరువాత నా వంక చూసింది. ఆ ఫొటోను చాలామంది మెచ్చుకున్నారు. నాకు మాత్రం దాన్ని చూసినప్పుడల్లా ఆ పొట్లమే గుర్తొస్తుంది.

పావురం పిల్లలకు తల్లీ తండ్రీ ఇద్దరూ తమ గొంతు సంచిలో ఊరిన పాలు పడతాయి. కింద గింజలేరుకుంటున్న పావురానికి పైన ఏ రాతిసందులోనో ఆకలితో ఉన్న పిల్లలు ఉండవచ్చు. పక్షికి ఎగరడమంటే ఊరికే వచ్చేది కాదు, తిన్న తిండి ఖర్చవుతుంది. మనకు ఒక బొమ్మ కోసం దాన్ని పదిసార్లు లేపే హక్కు ఎవరిచ్చారు?

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. బెదిరించి తీసిన స్పష్టమైన ఫొటో కంటే, పక్షి తనంతట తాను ఎగిరినప్పుడు తీసిన మసక ఫొటో నిజమైనది. కెమెరా కదిపే పద్ధతికి మంద అక్కర్లేదు. గింజల కోసం దిగే రెండు పావురాలు చాలు. కదలవలసిన శ్రమ మనది, పక్షిది కాదు.

చేయాలనుకునేవారికి నాకు తెలిసినంతలో చెబుతాను. ఎండ ముదరకముందే వెళ్లండి. నిండు ఎండలో ఐఎస్ఓ 100, ఎపర్చర్ ఎఫ్ 16 పెట్టినా షట్టర్ 1/100 దగ్గరే ఆగుతుంది. ఇంకా నెమ్మది చేస్తే బొమ్మ తెల్లబోతుంది. వెలుగును ఎనిమిదో వంతుకు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తగిలిస్తే 1/15 దాకా దిగవచ్చు. ఫోనైతే ప్రో మోడ్‌లో షట్టర్ మార్చుకోండి. పక్షి దిగే దారిని ముందు పదిసార్లు కళ్లతో చూడండి. నడుము నుంచి మెల్లగా తిరగండి, నొక్కాక కూడా తిరగడం ఆపకండి. నూటికి తొంభై పనికిరావు. బాధపడకండి, తుడిచేయండి. నమాజు వేళ మాత్రం కెమెరా సంచిలోనే ఉండాలి. అది ముందు ప్రార్థనాస్థలం, మన ఫొటోకు వెనకతెర కాదు.

"ఫొటో చెడిపోతే కళ అని చెప్పుకోవచ్చన్నమాట" అని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో కొంత నిజముంది. చేతగానితనానికి కళ అని పేరు పెట్టేవాళ్లు ఉన్నారు. గాయపడ్డ పక్షిని గుర్తించాలన్నా, అది ఏ జాతిదో తేల్చాలన్నా మసక బొమ్మ పనికిరాదు. అలాంటప్పుడు స్పష్టంగానే తీయాలి, అదీ దూరం నుంచి. "పావురాలకు జనం అలవాటే, లేస్తే ఏమవుతుంది, మళ్లీ దిగుతాయి" అనేవాళ్లూ ఉన్నారు. దిగుతాయి నిజమే. తిండి కోసం దిగక తప్పదు. తప్పనిసరై తిరిగొచ్చేవాణ్ణి మళ్లీ మళ్లీ తరమడం మనుషుల మధ్య అయితే మనం ఏమంటాం? ఒక్కసారి ఆలోచించండి.

ఆ కుర్రాడికి ఇదంతా చెప్పాను. వాడు ఫొటోను మళ్లీ చూశాడు. "ఇందులో ఎవరూ వాటిని తరమలేదా అయ్యగారూ?" అన్నాడు. లేదన్నాను.

ఇందుకోసం పాతబస్తీ దాకా పోనక్కర్లేదు. ఈ వానాకాలం మన పొలాల్లో దమ్ము చేసే ట్రాక్టర్ వెనక తెల్లకొంగలు వాలతాయి. వాటి మీద రాయి విసరకుండా గట్టు మీద నిలబడండి. అవే లేస్తాయి. అప్పుడు కదపండి.