అగరుబత్తి వెలిగించే ముందు కంపు ఎక్కడిదో వెతకండి

ఈసారి గూళ్ల రేటు గురించి కాదు, మా ఇంట్లో వచ్చిన ఒక కంపు గురించి రాస్తున్నాను. నవ్వుకున్నా పరవాలేదు, చివరిదాకా చదవండి. ఆ కంపును పట్టించుకోక నేను సగం పంట పోగొట్టుకున్నాను.

మాది బరంపురానికి దగ్గర పల్లె. ఇంటికి ఆనుకునే పురుగుల గది, మధ్యలో ఒక్క గోడ. మీలో చాలామందికీ ఇంతే కదా. వానాకాలం బ్యాచ్, పురుగులు నాలుగో జ్వరం లేచి రెండు రోజులైంది. సాయంత్రం మా ఇంటావిడ "ఏటండీ ఇది, ఏదో పులిసిన కంపు కొడతంది" అంది. నాకేమీ తెలీలేదు. "తడి గోడలు, వానాకాలం కదా" అనేశాను.

మర్నాడు మా అమ్మ ఎలుక చచ్చుంటాదని అంది. మా అబ్బాయి కాలువ అన్నాడు. గ్యాసేమోనని సిలిండరు దగ్గర సబ్బునీళ్లు వేసి చూశాం, బుడగలు రాలేదు. నేను తప్పంతా గోపాల్‌పూర్ నుంచి తెచ్చిన ఎండు చేపల మీదకి తోసి, డబ్బా పెరట్లో పెట్టించాను. కంపు అలాగే ఉంది. మూడో రోజు ఏం చేశానంటే, రెండు అగరుబత్తులు వెలిగించాను. ఇల్లంతా గుడిలా వాసన. సమస్య తీరిపోయిందనుకున్నాను.

నాలుగో రోజు మా ఇంటావిడే పట్టుకుంది. తలుపులన్నీ మూసి, పది నిమిషాలు వీధిలో నిలబడి వచ్చి, ఒక్కో గది విడిగా చూసింది. వంగి నేల దగ్గర వాసన చూసింది. ఆఖరికి మెట్ల కింద ఆగింది. అక్కడ రెండు గోనె సంచులు. జ్వరం లేచాక పడక తీసిన చెత్త అది. వానలో గుంట దాకా ఎవడెళ్తాడని నేనే అక్కడ పడేసి మరిచిపోయాను. వాన నీరు దిగి అడుగంతా నల్లగా కుళ్లింది. అందులో చచ్చిన పురుగులూ ఉన్నాయి. ఆ గోడకి అవతల మా కింది అరలు.

అప్పుడు వెళ్లి చూస్తే కింది అరల్లో పురుగులు మేత మానేసి, మెత్తబడి, కక్కుతున్నాయి. ఫ్లాచరీ. సంచుల వల్లే రోగం వచ్చిందని నేను అనను. తడి ఆకు వేశాను, జల్లు కొడుతోందని కిటికీలు మూశాను, గాలి ఆడలేదు. కానీ మూడు రోజుల ముందే కంపు చెప్పింది. వినలేదు.

నా అభిప్రాయం ఒక్కటే. మనం గదిలో వేడి కొలుస్తాం, తేమ కొలుస్తాం, రిజిస్టరులో రాస్తాం. వాసన మాత్రం ఎవరూ రాయరు. ఆ గడి కూడా పెట్టాలి. రోజూ పొద్దున్నే మొదటి మేతకి తలుపు తీయగానే వచ్చిన వాసన ఒక్క మాటలో రాయాలి. పచ్చి ఆకు వాసన అయితే మంచిది. పులిసిన వాసన అయితే పడక తడిసిందని. కళ్లు మండే ఘాటు అయితే మలం, ఆకు కుళ్లి అమ్మోనియా పుడుతోందని. కుళ్లు కంపు అయితే ఎక్కడో పురుగులు చస్తున్నాయని.

వాసన లేకపోతే రోగం లేదనీ కాదు. సున్నకట్టు రోగంతో చచ్చిన పురుగు సుద్దముక్కలా గట్టిపడుతుంది, పెద్దగా కంపు కొట్టదు. పెబ్రిన్ అయితే మైక్రోస్కోపులోనే తెలియాలి. 1865లో ఫ్రాన్సులో పట్టు రైతుల పంటలు పోతుంటే లూయీ పాశ్చర్ వెళ్లి, పెబ్రిన్ వేరు, ఫ్లాచరీ వేరు అని తేల్చడానికి ఏళ్లు పట్టింది. మన ముక్కు డాక్టరు కాదు, కాపలా కుక్క. అది మొరిగితే లేచి చూడాలి గానీ నోరు నొక్కకూడదు.

అగరుబత్తి చేసేది నోరు నొక్కడమే. పైగా పొగ పురుగుకి మంచిది కాదు. దోమల కాయిల్ అయితే మరీ ప్రమాదం, అందులో ఉండేది పురుగుమందే. బ్లీచింగ్ చల్లేవాళ్లకి ఇంకో మాట. బాత్రూం యాసిడ్‌తో దాన్ని ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. ఘాటు కొట్టే చెత్తకుప్ప మీదా నేరుగా వేయకండి. ముందు చెత్త తీసేసి, ఆ తర్వాత కడగండి.

వేరే షెడ్డు కట్టుకోమని అందరూ చెబుతారు. నిజమే, డబ్బుంటే కట్టుకుంటాం. కానీ ఇంటికి దూరంగా ఒక గుంట తవ్వి, పైన రేకు వేయడానికి పెద్ద ఖర్చు కాదు. కొత్త స్టాండు కొనేముందు అది చేయండి. పడక చెత్త ఆ రోజే గుంటకి పోవాలి, వానొచ్చినా సరే. రోగం పురుగుల్ని విడిగా ఏరి, కాల్చాలి లేదా సున్నం వేసి లోతుగా పాతిపెట్టాలి.

ఇంకో సంగతి. ఒకే గదిలో కూర్చుంటే ముక్కు ఆ వాసనకి అలవాటు పడిపోతుంది. అందుకే బయటినుంచి వచ్చినవాళ్ల మాట వినండి. మేత వేసేది, పడక తీసేది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లే. వాళ్లు "కంపు" అంటే "ఏం లేదులే" అనకండి. నేను అని నష్టపోయాను.

మన పట్టుపురుగే లోకానికి వాసన పాఠం చెప్పింది తెలుసా? ఆడ సీతాకోక వదిలే వాసనని పట్టుకుని మగది దాన్ని వెతుక్కుంటూ వస్తుంది. 1959లో జర్మనీలో బ్యూటెనాంట్ అనే శాస్త్రవేత్త సుమారు 5 లక్షల ఆడ సీతాకోకల నుంచి ఆ పదార్థాన్ని తీసి, బాంబికోల్ అని పేరు పెట్టారు. అలా గుర్తించిన మొదటి ఫెరోమోన్ అదే. మనం పెంచే పురుగుకి ఉన్నపాటి ముక్కు మనకి లేకపోతే ఎలా?

మా రిజిస్టరులో ఇప్పుడు వాసన గడి ఉంది. రాసేది మా ఇంటావిడ. మీ ఇంట్లో కూడా ఇలాంటి కంపు ఎప్పుడైనా వచ్చిందా? చివరికి ఎక్కడ దొరికింది? గ్రూపులో రాయండి, రాయడం కష్టమైతే వాయిస్ పెట్టండి.