పాత కారుకు ఉక్కు అతుకు

తెలుగు పాఠకుడికి ఛాసిస్ అనగానే కళ్లముందు మెదిలేది లారీయే. క్యాబిన్, తలుపులు లేని ఇనుప చట్రం మీద, తలకు తువ్వాలు చుట్టుకుని హైవేపై దూసుకుపోయే డ్రైవరు. ఆ చట్రం విజయవాడ ఆటోనగర్ లాంటి చోటుకు చేరాకే దానికి బాడీ కడతారు. అక్కడ మోసేది ఒకటి, కప్పేది ఇంకొకటి. కార్లలో ఈ తేడా చెరిగిపోయి దశాబ్దాలు దాటింది. నేల, పైకప్పు, తలుపుల స్తంభాలు, డిక్కీ కలిపి అతికిన రేకుల పెట్టె మొత్తం ఛాసిసే. మోనోకాక్ అంటారు దాన్ని. తేలిక, చౌక, పైగా గట్టిది. కానీ బలమంతా ఒకే చోట పడితే అక్కడున్న పలుచటి రేకే దాన్ని భరించాలి.

2000 నుంచి 2006 దాకా తయారైన బీఎండబ్ల్యూ ఎం3 (ఈ46) కథ అదే. జర్మనీలోని రీగెన్స్‌బర్గ్‌లో రూపుదిద్దుకున్న ఈ కారుకు 3.2 లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజన్ అమర్చారు. టర్బో లేకుండానే 7,900 ఆర్‌పీఎం వద్ద 343 హార్స్‌పవర్ ఇస్తుంది. ఆ ఇంజన్ కూత కోసమే నేటికీ ప్రాణం పెట్టేవాళ్లున్నారు. చిక్కల్లా వెనక సీటుకు అవతల, డిక్కీ అడుగున ఉంది. వెనక చక్రాలను, డిఫరెన్షియల్‌ను మోసే ఉక్కు ఫ్రేము నాలుగు బిగింపులతో అక్కడి రేకుకు వేలాడుతుంది. కాలం గడిచేకొద్దీ ఆ బిగింపుల చుట్టూ రేకు చిట్లుతుంది. స్పాట్ వెల్డింగులు ఒక్కొక్కటిగా ఊడిపోతాయి. ఇది ఎం3కే పరిమితం కాదు. అదే తరంలోని మామూలు 3 సిరీస్ కార్లలోనూ కనిపించింది. శక్తి ఎక్కువైన చోట త్వరగా బయటపడుతుంది, అంతే.

ఎందుకిలా? లెక్క వేస్తే తెలుస్తుంది. ఇంజన్ టార్క్ 365 న్యూటన్ మీటర్లు. మొదటి గేరు దాన్ని 4.23 రెట్లు, డిఫరెన్షియల్ మళ్లీ 3.62 రెట్లు పెంచుతాయి. అంటే ఇరుసు దగ్గరికి చేరేసరికి దాదాపు 5,600 న్యూటన్ మీటర్లు. చక్రాలు ఎంత బలంగా ముందుకు తిరుగుతాయో, డిఫరెన్షియల్ అంత బలంగా ఎదురు తిరగాలని చూస్తుంది. దాంతో ఫ్రేము ముందు బిగింపులు నేలను పైకి పొడుస్తాయి, వెనకవి కిందికి లాగుతాయి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే సీను తిరగబడుతుంది. క్లచ్ వదిలిన ప్రతిసారీ, గేరు మార్చిన ప్రతిసారీ ఇదే తంతు.

ఒక్కసారి పడే దెబ్బకు ఆ రేకు చిరగదు. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి పుటుక్కున తెగుతుంది చూడండి, అదే జబ్బు. లోహాల ఈ అలసట గురించి జర్మన్ ఇంజనీరు ఆగస్ట్ వోలర్ 19వ శతాబ్దంలోనే రైలు ఇరుసులను పరీక్షించి తేల్చాడు. అందుకే రేసుకు వెళ్లని కారు, పెద్దాయన ఒద్దికగా నడిపిన కారు కూడా దీనికి మినహాయింపు కాదు.

బయటికి కనిపించే లక్షణాలు స్వల్పం. నెమ్మదిగా కదిలేటప్పుడు వెనక నుంచి ‘టక్’మని ఓ చప్పుడు. బిగింపుల దగ్గర సన్నటి గీతలా పెయింటు పగలడం. ఇరవై ఏళ్ల కారు కింద కొత్తగా పూసిన నల్లటి పూత నిగనిగలాడుతుంటే సంతోషించకూడదు, అనుమానించాలి. అసలు చిక్కేమిటంటే కొన్ని పగుళ్లు రెండు రేకుల మధ్య దాగి ఉంటాయి. ఫ్రేము దించితే గాని బయటపడవు.

బాగుచేయడం అనగానే చాలామంది పగులుపై ప్లేటు పెట్టి వెల్డింగ్ చేయడమే అనుకుంటారు. సగం నిజమే. ముందు సైలెన్సర్, డ్రైవ్ షాఫ్టులు, వెనక ఫ్రేము మొత్తం కిందికి దించాలి. పెట్రోలు ట్యాంకు సంగతి చూసుకోకుండా నిప్పు ముట్టించకూడదు. పెయింటు, సీలెంటు గీకి లోహం మెరిసేదాకా శుభ్రం చేయాలి. పగులు కొసన చిన్న రంధ్రం వేస్తే అది ఇంకా పాకదు. తర్వాతే దాన్ని అతికి, బిగింపుల చుట్టూ వాటి ఆకారానికే మలచిన ప్లేట్లు వెల్డు చేయాలి. పలుచటి రేకుపై వేడి ఎక్కువైతే ఆ అంచు పెళుసుబారి, కొత్త పగులు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. ప్లేటుకూ రేకుకూ మధ్య తేమ చేరితే లోపల తుప్పు పట్టడానికి అదే పుట్టిల్లు. జింక్ ప్రైమరు, సీలెంటు, లోపలి ఖాళీల్లో మైనం పూత పూర్తయితేనే పని ముగిసినట్టు.

మిగతా సగం పైవైపు ఉంది. ప్లేట్లు పగులును ఆపుతాయిగానీ బలం వెళ్లే దారిని మార్చవు. ఇంతకాలం రేకు ఒంటరిగా మోసిన భారాన్ని పక్కనున్న గట్టి పెట్టె నిర్మాణాలకు పంచాలంటే, డిక్కీ లోపలి నుంచి ముందు బిగింపులను వాటికి కలుపుతూ ఒక ఉక్కు బద్దె వేయాలి. అనుభవజ్ఞులైన మెకానిక్కులు పైనా కిందా రెండు పనులూ ఒకేసారి ముగించమంటారు. వాళ్ల మాటే సబబు. కంపెనీ పద్ధతుల్లో ఒకటి ఖాళీల్లో గట్టిపడే నురగ నింపడం. కాస్త ఊరట ఇస్తుందిగానీ, అది నిండిన చోట తర్వాత వెల్డింగ్ పెడితే పొగ, మంట తప్పవు.

ఇంకో ముచ్చట. షోకు కోసం రబ్బరు బుష్‌లు తీసేసి అల్యూమినియంవి బిగించే యజమానులున్నారు. కారు చురుగ్గా తిరుగుతుంది, నిజమే. కానీ కుదుపును మింగాల్సిన రబ్బరు లేకపోతే దెబ్బంతా నేరుగా రేకుకే. నేలను బలపరచకుండా ఈ సోకు చేయడం తెలివైన పని కాదు. అలాగే రోడ్డు మీద తిరిగే కారులో రోల్ కేజ్ పెట్టడమూ. హెల్మెట్ లేని తలకు ఆ గొట్టమే ప్రమాదం.

ఇనుప గొట్టాల కాలంలో ఈ పని సులువు. 1962లో కారల్ షెల్బీ బ్రిటిష్ ఏసీ ఏస్‌లో ఫోర్డ్ వీ8 ఇంజన్ పెట్టి కోబ్రాను పుట్టించాడు. 7 లీటర్ల ఇంజన్ వంతు వచ్చేసరికి పాత ఛాసిస్ చాలలేదు. 1965 మోడల్‌కు ప్రధాన గొట్టాలను 3 అంగుళాల నుంచి 4 అంగుళాలకు పెంచారు. రేకుల పెట్టెకు అలాంటి వెసులుబాటు లేదు. ఉన్నదాన్ని కోసి, అతికి, బతికించుకోవాలి.

ఇదంతా రోజుల తరబడి సాగే చాకిరీ. సెకండ్‌హ్యాండ్ ధరలు పడిపోయిన కాలంలో, కారు విలువకు మించి దాని నేలకు ఖర్చెందుకని చాలామంది పూత పూసి అమ్మేశారు. ఆ పాపం కొన్నవాడి మెడకు చుట్టుకుంది. బ్రిటన్‌లో వార్షిక వాహన పరీక్షలో సస్పెన్షన్ బిగింపులకు 30 సెంటీమీటర్ల లోపు నిర్మాణం తుప్పుతో బలహీనపడితే కారు ఫెయిల్. పగులునైతే పూత కింద దాచేయొచ్చు. ఇప్పుడు ధరలు మళ్లీ ఎగబాకాయి, లెక్క మారింది. ఎం3 కొనడానికి వచ్చిన గిరాకీ ఇంజన్ కూత వినడానికి ముందే ఫ్రేము దించి వెల్డింగ్ చేసినప్పటి ఫోటోలు, బిల్లు చూపమంటున్నాడు. చూపలేని యజమాని ధర తగ్గించుకోవాల్సి వస్తోంది.